నాలుగు నిమిషాల బావ

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. నేను నాది ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో చేశాను. మా బావ ముఖాన్ని పాత పెట్టెతో సహా కంపెనీకి అప్పజెప్పి, దానికి బదులు ఒక కొత్త పెట్టె, కంపెనీ గుర్తు వేసిన ఒక గొడుగు తెచ్చుకున్నాను. గొడుగు మొదటి వానకే తిరగబడింది. బావ తిరగబడలేదు. ఆయన కూడా తిరగబడి నాలుగు తిట్టి ఉంటే, ఇన్నేళ్ళ తరువాత కూర్చుని ఇది రాయాల్సిన అవసరం నాకు ఉండేది కాదు.

టీవీల సంగతి తెలియనివాడు ఈ పని చేస్తే తెలియక చేశాడులే అని వదిలేయవచ్చు. నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. జనగామలో టీవీల దుకాణం నాది. టీవీలు, డిష్ గొడుగులు, వాటి పెట్టెలు అమ్మడం, బిగించడం నా బతుకుదెరువు. నర్మెట్ట దగ్గర మా నాయిన వ్యవసాయం చేసేవాడు. పొద్దున లేవగానే ఆకాశం వైపు చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మబ్బు కోసం చూసేవాడు, నేను సిగ్నల్ కోసం. మబ్బు పడితే ఆయన మొహం వెలిగేది, నా గిరాకీల టీవీలు ఆరిపోయేవి. అలా ఒకే ఇంట్లో రెండు వాతావరణాలు ఉండేవి.

రాష్ట్రం కోసం ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. నా దుకాణం షట్టరు ఎప్పుడూ సగానికే ఉండేది. బంద్ చేయించే పిల్లలు వచ్చి, "దించు అన్నా" అంటే పూర్తిగా దించేవాణ్ణి. వాళ్ళు చౌరస్తా దాటగానే మళ్ళీ సగానికి లేపేవాణ్ణి. గిరాకీలు నడుము వంచి లోపలికి వచ్చేవారు. దుకాణదారుకు అంతమంది వంగి దండం పెట్టినట్టుగా రావడం నా జీవితంలో అప్పుడే.

సరిగ్గా అప్పుడే రికార్డు చేసే పెట్టె మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందున్న డిష్ పెట్టె, ఏది వస్తే అది చూపించి ఊరుకునేది. ఈ కొత్త పెట్టె కడుపులో కంప్యూటర్లో ఉండేలాంటి డిస్కు ఒకటి ఉండేది. రిమోటు మీద ఎర్ర బటన్ నొక్కితే నడుస్తున్న కార్యక్రమాన్ని మింగి దాచుకునేది. మనం అడిగినప్పుడు బర్రెలాగా తీరికగా నెమరువేసేది. అంతేకాదు, నడుస్తున్న వార్తలను కూడా నడిమధ్యలో ఆపేది. రాస్తారోకోతో బస్సులు ఆగాయి, రైల్‌రోకోతో రైళ్ళు ఆగాయి, ఆగనిది టీవీ ఒక్కటే అనుకుంటే దాన్ని ఆపే యంత్రం కూడా వచ్చింది. నేను దానికి టీవీరోకో అని పేరు పెట్టాను. మనకు నచ్చని మంత్రి మాట్లాడుతుంటే, నోరు బాగా తెరిచిన క్షణం చూసి బటన్ నొక్కేవాణ్ణి. ఆయన అట్లాగే నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. దుకాణంలో నవ్వులే నవ్వులు. కొన్నవాళ్ళలో సగం మంది ఆ నోటి కోసమే కొన్నారని నా అనుమానం.

ఒక్క సంగతి మాత్రం ప్రతి గిరాకీకీ చెప్పేవాణ్ణి: డిస్కు నిండిపోతే పెట్టె అన్నిటికన్నా పాతదాన్ని తనంతట తానే చెరిపేసుకుంటుంది, కాబట్టి కావలసిన దాని మీద తాళం బొమ్మ నొక్కి ఉంచుకోవాలి అని. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన నోరు ఒకటి, నొక్కాల్సిన వేలు ఒకటి. రెంటికీ నా ఒంట్లో పరిచయం లేదు.

బేరం చేసేటప్పుడు నా భాష కూడా మారిపోయేది. "ఈ సదుపాయం మీకు మరెక్కడా లభించదండీ" అనేవాణ్ణి. ఎందుకంటే కంపెనీ వాళ్ళు అలా మాట్లాడేవారు, టీవీలో అలా మాట్లాడేవారు, అలా మాట్లాడితేనే సరుకు నమ్మకంగా ఉన్నట్టు నాకనిపించేది. ఒకసారి మా బావ దుకాణంలో కూర్చుని ఇదంతా విన్నాడు. గిరాకీ వెళ్ళాక నా వైపు చూసి అడిగాడు.

"ఏందిరా బామ్మర్దీ, నోట్లె యాంకరమ్మను దాసిపెట్టుకున్నవా?"

"దందా బావా, దందా. గట్ల మాట్లాడకపోతే కొనరు."

"మనోడు మనోనికి అమ్ముడే గదరా. నడుమ గా అండీ ఎందుకు?"

బావ అంటే మా అక్క భర్త. భూపాలపల్లి బొగ్గుగనిలో పని. తలకు దీపం కట్టుకుని భూమి లోపలికి దిగేవాడు. కాలనీ క్వార్టర్లో ఆయన, అక్క ఉండేవారు. మనిషి నెమ్మదస్తుడు. కోపం వస్తే అరవడు, లేచి వెళ్ళిపోతాడు. టీవీలో సినిమా వస్తుంటే ఆయన ఎప్పుడు లేస్తాడో మాకందరికీ తెలిసేది. తెర మీదికి దొంగో, తాగుబోతో, ఇంట్లో పనివాడో వచ్చేసరికి బావ తువ్వాల దులుపుకునేవాడు.

"గీడు నోరు తెరువకముందే చెప్త. గీడు మన మాటనే మాట్లాడ్తడు, సూడున్రి."

వాడు అదే మాట్లాడేవాడు. అందరం నవ్వేవాళ్ళం, నేను కూడా. బావ అప్పటికే వాకిట్లో ఉండేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది. అప్పుడు ఉండేది కాదు.

ఇక ఆ పెద్ద సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లో నిలబడ్డాయి, బడులు ఆగాయి, గని కార్మికులు పని మానేశారు. బొగ్గు పైకి రాకపోయేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. మా బావ గనిలోకి దిగకపోతే జనగామలో నా దుకాణంలో ఫ్యాను తిరగదన్న సంగతి అప్పుడే నాకు ఎరుకైంది. అన్నేళ్ళ బంధుత్వంలో అంత దగ్గరి సంబంధం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు పొద్దున అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ టీవీల మాట్లాడిండురా! గని గేటుకాడికి చానలోల్లు అచ్చిన్రు. రేపు పగటీలి ఏస్తరట."

"బావనా? లీడర్లు లేరా?"

"లీడర్లు మాట్లాడినంక గా చానల్ పిల్ల మైకు తెచ్చి ఈయన మూతికాడ వెట్టిందట. ఇగో, నీతోని మాట్లాడ్తడట."

బావ ఫోన్ తీసుకున్నాడు. గొంతు ఎప్పటిలాగే నెమ్మది.

"బామ్మర్దీ, రేపు శిబిరంల కూసునుడు నా వంతు. లేచి అచ్చుడు కుదరది. ఈడ కేబులాయన గూడ సమ్మెలనే ఉన్నడు, మీ అక్కకు సుత కానరాదు. నీకాడ గా పట్టి దాసే పెట్టె ఉన్నది గదా, గండ్ల పట్టి పెట్టు. నిమ్మళంగ అచ్చి జూసుకుంట."

"నువ్వు రంది పెట్టుకోకు బావా. నా పెట్టెల వడ్డదంటే ఇగ ఎటూ పోదు."

మరుసటి రోజు సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయింది. సమ్మె గురించి బావ మాట్లాడింది పట్టుకోవాలంటే, సమ్మె వల్ల పోయిన కరెంటే అడ్డం. దుకాణంలో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి, ఇన్వర్టరు మీద ఒక్క టీవీ, ఒక్క పెట్టె పెట్టాను. ముందుగా టైం పెట్టి వదిలేసే సదుపాయం పెట్టెలో ఉన్నా నమ్మకం చాలక, పది నిమిషాల ముందే వెళ్ళి చేత్తో ఎర్ర బటన్ నొక్కాను. గిరాకీలు నలుగురైదుగురు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డారు.

అరగంట కార్యక్రమం. సగం దాటాక బావ వచ్చాడు. నెరిసిన గడ్డం, మెడలో తువ్వాల. చానల్ అమ్మాయి అడిగింది: మీరు పని మానేస్తే రాష్ట్రమంతా చీకటైపోతుంది కదా, జనానికి ఇబ్బంది కాదా అని.

బావ ఒక్క క్షణం ఆ అమ్మాయి ముఖం చూశాడు.

"చీకటి చీకటని మస్తు పరేషాన్ అయితున్నరు బిడ్డా. మీకు నాలుగు దినాల సంది చీకటి. నాకు ఇరవై రెండేండ్ల సంది చీకటే. పొద్దు పొడవక ముందు దిగుత, లోపల పొద్దు లేదు, మాపు లేదు. మా నెత్తి మీది దీపమే మా సూర్యుడు. గా చీకట్లకెల్లి మేం తవ్వి పంపింది మీ ఇండ్లల్ల కరెంటు బుగ్గలై ఎలుగుతది. ఎలిగినన్ని రోజులు గిదెక్కడిదని ఒక్కలు అడుగలే. ఆరిపోయినంక అడుగుతున్నరు. అడిగిన్రు, సంతోషం."

ఇక్కడ ఆయన కొంచెం దగ్గాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"ఇంకొక్క ముచ్చట. టీవీల దొంగోడు మా మాట మాట్లాడ్తడు, తాగుబోతు మా మాట మాట్లాడ్తడు. అందరు నవ్వుతరు. నవ్వున్రి, నవ్వద్దంటలేను. గని గా టీవీ నడిచే కరెంటు మాది, గా టీవీల నవ్వులపాలయ్యే మాట మాది. రెండూ మాయే. గందుకనే మా రాష్ట్రం మాకు గావాలంటున్నం. గింతకన్న నాకు చదువు రాదు."

మొత్తం నాలుగు నిమిషాలు. ఇంకా కొన్ని మాటలు ఉన్నాయి. గని లోపల ఎలుకలకు అన్నం మెతుకులు ఎలా వేస్తారో చెప్పాడు, తోటివాళ్ళ గురించి చెప్పాడు. ఆఖరికి ఆ అమ్మాయిని ఎండలోంచి నీడకు రమ్మన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, రిమోటు కొనడానికి వచ్చినవాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఒకసారి మళ్ళా వెయ్యి. నీ ఫోన్ల గూడ తీసిపెట్టుకో" అన్నాడు.

"ఫోన్లెందుకు సార్, ఇంత పెద్ద పెట్టె ఉండంగ" అన్నాను. మా వ్యాపారానికే అవమానం అన్నట్టుగా అన్నాను.

ఆ తరువాత నెలల తరబడి పెట్టె కొనడానికి ఎవరొచ్చినా మంత్రి నోరు మానేసి మా బావనే చూపించాను. ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ కళ్ళు కిందికి దించుతాడో, ఏ మాట దగ్గర ఆయన వెనుక నిలబడ్డ కార్మికుడు నవ్వు ఆపుకుంటాడో అన్నీ నాకు నోటికి వచ్చేశాయి. బావ మాత్రం రాలేదు. సమ్మె ముగిశాక గనిలో పని వరసగా పడింది. తరువాత మోకాళ్ళు పట్టేశాయి. తరువాత అక్కకు జ్వరం. ఎప్పుడు మాట్లాడినా, "ఉన్నదారా, పైలమేనా?" అని అడిగేవాడు. "నువ్వెప్పుడచ్చినా ఉంటది బావా" అనేవాణ్ణి. వేరే ముచ్చట చెప్పినా మధ్యలో ఒకసారి అడగకుండా ఫోన్ పెట్టేవాడు కాదు.

అప్పుడు వచ్చింది ఎక్స్‌చేంజ్ ఆఫర్. పాత రికార్డు పెట్టె ఇస్తే, బొమ్మ ఇంకా స్పష్టంగా కనబడే కొత్త రికార్డు పెట్టె ఇస్తారు. కంపెనీ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి, దుకాణమంతా కలియజూసి, చూపుడు వేలుతో మా బావ ఉన్న పెట్టెను చూపించాడు.

"డెమో పెట్టె మీరే మార్చకపోతే ఎలా అన్నా? ముందు మీ దగ్గర కొత్తది కనిపించాలి. అప్పుడే గిరాకీలు మారుస్తారు."

న్యాయమే అనిపించింది. గిరాకీల దగ్గర జమ అయిన పాత పెట్టెలతో పాటు నా పెట్టెను కూడా, చందా కార్డు తీసేసుకుని, బట్టతో శుభ్రంగా తుడిచి, తీగ చుట్టి ఇచ్చాను. అవును, తుడిచాను కూడా. ఆ క్షణంలో పెట్టె నాకు పెట్టెలాగే కనిపించింది, అంతే. పొద్దున్నుంచి మాపటిదాకా పెట్టెలు ఇవ్వడం, పెట్టెలు తీసుకోవడం చేసే చేతులకు ఏ పెట్టెలో ఎవరున్నారో తెలియదు. ఇది సాకు కాదు. సాకయితే ఇంకాస్త బాగుండేది.

మూడోరోజు ఒక రైతు వచ్చి, "మీ బావది పెట్టన్నా, మా తమ్ముడు జూస్తడట" అన్నాడు. రిమోటు తీసి జాబితా నొక్కాను. కొత్త పెట్టె మంచి తెలుగులో చెప్పింది: రికార్డు చేసిన కార్యక్రమాలు ఏవీ లేవు. అంత స్పష్టమైన అక్షరాలు నేనింతవరకూ చూడలేదు. బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుందని వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు.

అదే వారం ఫోన్ చేసి, "ఆదివారం అస్తున్నం" అన్నాడు బావ. నేను సరేనన్నాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇద్దరూ పొద్దున బస్సుకే వచ్చారు. బావ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తన బొమ్మను చూడటానికి తానే తయారై వచ్చాడు. అక్క సంచీలో సకినాలు తెచ్చింది. వాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నేను కొత్త పెట్టె వైభవం మొదలుపెట్టాను. అడవి జంతువుల చానల్ పెట్టాను.

"చూడు బావా, పులి మీసాలు ఒక్కొక్కటి ఎట్ల కనబడుతున్నాయో."

"పులిని మా అడివిల జూసినంరా. మీ బావను పెట్టు" అంది అక్క.

"పెడత అక్కా. ముందు గిది సూడు..."

"ఏందిరా గట్ల చెమటలు వడుతున్నయ్?" అన్నాడు బావ. "ఏమైంది?"

చెప్పాను. ఆఫర్ సంగతి చెప్పాను. గొడుగు సంగతి కూడా నోరు జారి చెప్పాను. అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అవన్నీ నాకు చెందినవే కాబట్టి నా దగ్గరే ఉంచుకున్నాను. బావ మాత్రం పులి కనబడుతున్న టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మాటలు నాకు యాదికున్నయిరా" అన్నాడు చివరికి. "మొఖం ఎట్లుండెనో జూద్దామనుకున్న. లోపల మా మొఖాలు మాకు కానరావు గదా. గా మాటలనంగ నా మొఖం ఎట్లయిందో, గదొక్కటి."

"బావా..."

"పోనీ తియ్యి. నువ్వు గావాలని చేసినవా ఏంది? సకినాలు తిను, మీ అక్క నీ కోసమనే చేసింది."

ఆయన లేచి వెళ్ళిపోతాడేమోనని చూశాను. వెళ్ళలేదు. కూర్చుని చాయ్ తాగాడు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కోపం వస్తే వెళ్ళిపోయే మనిషి కూర్చున్నాడంటే, అది కోపం కాదు. మధ్యాహ్నం బస్సుకే ఇద్దరూ తిరిగి వెళ్ళిపోయారు.

సోమవారం నుంచి వెతకడం మొదలుపెట్టాను. చానల్ విలేకరిని పట్టుకుంటే, అంత పాతవి తమ దగ్గర ఉండవని, వాడిన టేపు మీదే మళ్ళీ తీస్తామని చెప్పాడు. పాత పెట్టెలు చేరే గోదాములోని గుమస్తాను బతిమాలితే, పెట్టె వెనుక ఉండే నెంబరును రిజిస్టరులో వెతికి, అది మహబూబాబాద్‌లో ఒక ఇంటికి పోయిందని చెప్పాడు. పాత పెట్టెలను బాగుచేసి కొత్త గిరాకీలకు బిగించేవారట. బాగుచేయడమంటే మాలాంటి ఊళ్ళల్లో పైన తుడవడమే. లోపలిది చెరపలేదేమో అన్న ఆశతో రైలెక్కాను.

అది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే వారి ఇల్లు. ఇంటావిడ పుట్టినూరు గార్ల. సంగతి చెప్పగానే, "అయ్యో, లోపలికి రా తమ్మీ" అని నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. పక్కనే మంచం మీద ఆమె అత్తగారు. నా పెట్టె, నేను తుడిచిన పెట్టె, వాళ్ళ టీవీ కింద కూర్చుని ఉంది. జాబితా తీశాను. అన్నిటికన్నా అడుగున ఒక వరస ఉంది: చానల్ పేరు, పగటి వేళ, అరగంట. నొక్కాను.

ఈ కార్యక్రమాన్ని వీక్షించేందుకు మీ కార్డుకు అనుమతి లేదు.

ఇది నాకు తెలిసిన సంగతే. పెట్టెలో దాచింది, దాచినప్పుడు పెట్టెలో ఉన్న చందా కార్డుతోనే తెరుచుకుంటుంది. జేబులోంచి నా పాత కార్డు తీసి పెట్టాను. దానికి అప్పటికే కొత్త పెట్టెతో పెళ్ళయిపోయింది. పాత పెట్టెను గుర్తు కూడా పట్టలేదు. బావ ఆ నల్లటి డబ్బాలో ఉన్నాడు. చేయి పెడితే అందేంత దూరంలో ఉన్నాడు, గని లోపల ఉన్నట్టే ఉన్నాడు.

"పెట్టె తీస్కపోతవా తమ్మీ?" అడిగింది ఇంటావిడ.

ఆ ప్రశ్నకు నేను ఔనని ఉంటే సరిపోయేది. కానీ వాళ్ళకు బదులు ఇవ్వడానికి నా చేతిలో వేరే పెట్టె లేదు. టీవీ లేకుండా ముసలామెను ఎలా వదిలి వెళ్ళను? ముందు కంపెనీతో మాట్లాడి కార్డును పాత పెట్టెకు కలిపించుకుని, కొత్త పెట్టెతో వచ్చి మార్చుకుపోతానన్నాను.

"ఎప్పుడన్న రా. పెట్టె యాడికి పోతది?" అంది ఆవిడ.

చాయ్ ఇచ్చారు, ఉప్మా పెట్టారు. అంత మర్యాద చేసినవాళ్ళకు ఏదో ఒకటి చేయాలనిపించింది. నాకు చేతనైంది ఒక్కటే. అత్తగారికి రోజూ చూసే సీరియల్ ఒకటుందట, పూజ వేళకే వస్తుందట, సగం పోతుందట. రిమోటు ఆమె చేతిలో పెట్టి, ఒక్కసారి నొక్కితే రోజూ దానంతట అదే పట్టుకునే పద్ధతి నేర్పాను. మూడుసార్లు ఆమెతోనే చేయించాను. "ఇంకోటి సుత ఉన్నది బిడ్డా" అంటే దానికి కూడా పెట్టాను. ముసలామె నా తల నిమిరి దీవించింది. నేను ఆ దీవెనతోనే రైలెక్కాను.

కంపెనీ ఫోన్ నెంబరుకు రోజూ చేశాను. ఒకరి తరువాత ఒకరు నన్ను వేచి ఉండమన్నారు. వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. చివరికి ఒక పెద్దమనిషి కరుణించి, పాత పెట్టెకు కార్డును కలపవచ్చని ఒప్పుకున్నాడు. కొత్త పెట్టెను తువ్వాలలో చుట్టుకుని మళ్ళీ మహబూబాబాద్ వెళ్ళాను.

జాబితా తీశాను. కిందికి, ఇంకా కిందికి నొక్కుతూ పోయాను. అంతా సీరియలే. ఒకటి, దాని తరువాత రెండోది, మళ్ళీ మొదటిది. అడుగు తగిలింది. అడుగున కూడా సీరియలే. డిస్కు నిండింది. అన్నిటికన్నా పాతదాన్ని పెట్టె తనంతట తానే చెరిపేసుకుంది.

"నువ్వు నేర్పినంక ఒక్క దినం గూడ తప్పలే బిడ్డా" అంది ముసలామె సంబరంగా. "నీ పేరు చెప్పుకుంట జూస్తున్న."

ఇంటావిడ నా మొహం చూసి, "నీది దొరికిందా తమ్మీ?" అంది.

"దొరికిందమ్మా" అన్నాను. మరేం చెప్పాలి? చాయ్ తాగి వచ్చేశాను. ఈ మహబూబాబాద్ ప్రయాణాల సంగతి ఇప్పటికీ బావకు చెప్పలేదు. ఒకసారి పోగొట్టానని ఆయనకు తెలుసు. రెండోసారి కూడా నేనే పోగొట్టానని తెలిస్తే, మళ్ళీ "పోనీ తియ్యి" అంటాడు. అది వినే ఓపిక నాకు లేదు.

రాష్ట్రం వచ్చింది. బావ రిటైరయ్యాడు. భూపాలపల్లిలోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆయన ఇప్పుడు టీవీ చూస్తాడు. వార్తల్లో మన మాట మాట్లాడేవాళ్ళు కనబడితే లేవకుండా కూర్చుంటాడట, అక్క చెప్పింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలోనే, ఒకరోజు పగలు, దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉండగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. చిన్నపిల్ల గొంతు. మా సేవల మీద మీ అభిప్రాయం తెలుసుకోవడానికి చేస్తున్నామని చెప్పి, "ఈ సంభాషణ నాణ్యత కోసం రికార్డు చేయబడుతుందండీ" అంది.

"రికార్డా?" అన్నాను. "చెరిగిపోదా?"

"లేదండీ. మా దగ్గర భద్రంగా ఉంటుందండీ."

అప్పటిదాకా ఆ కంపెనీ మీద కసి ఎలా తీర్చుకోవాలో నాకు తోచలేదు. ఆ మాటతో తోచింది. ఫోన్‌ను కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. యాంకరమ్మను పక్కన పెట్టాను. చీకటి చీకటని మస్తు పరేషాన్ అయితున్నరు బిడ్డా అన్నాను. నెత్తి మీది దీపం సంగతి చెప్పాను, ఎలుకలకు వేసే మెతుకుల సంగతి చెప్పాను. ఆయన దగ్గిన చోట దగ్గాను. ఆ మాటలు నా నోట్లోకి మొదట కొంచెం బిగుతుగా వచ్చాయి, తరువాత వదులయ్యాయి. ఆ అమ్మాయి మధ్యలో రెండుసార్లు "సార్" అంది, ఒకసారి "హలో" అంది. గిరాకీ పెట్టేసేదాకా వాళ్ళు ఫోన్ పెట్టకూడదని ఒకప్పుడు వాళ్ళ మనిషే నాకు చెప్పాడు. నేను నాలుగు నిమిషాల దాకా పెట్టలేదు. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదని నాకు తెలుసు. నా పగ ఎప్పుడూ సరైన మనిషికి చేరదు.

అంతా అయ్యాక అటు నుంచి కంప్యూటరు మీటలు నొక్కిన చప్పుడు వచ్చింది.

"సార్, దీన్ని ఫిర్యాదు కింద రాసుకోమంటారా, సూచన కిందా, లేక ప్రశంస కిందా?" అంది.

"నీకేది మంచిగనిపిస్తే గది రాసుకో చెల్లె."

ఆ తరువాత అదే పని మీద వాళ్ళు ఇంకో ఐదుసార్లు ఫోన్ చేశారు. ప్రతిసారీ ఎవరో కొత్త గొంతు. ప్రతిసారీ రికార్డు చేస్తున్నామని చెప్పాక, మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట వదలకుండా చెప్పాను. తరువాత వాళ్ళు నాకు ఫోన్ చేయడం మానేశారు.